స్వప్న మొదటి ఆర్డరు

స్వప్న మొదటిసారి మా గదికి వచ్చినప్పుడు బత్తాయిల సంచిని రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని ఉంది. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే అడిగింది.

"అక్కా, గీ కాయలతోని కేక్ ఐతదా?"

నేను ఎవరిదో పుట్టినరోజు కేకుకు క్రీము పట్టిస్తున్నాను. మార్చి నెల. డాబా మీది గది కావడంతో ఎండ ముదిరితే క్రీము నిలవదు, జారిపోతుంది. అందుకని తల ఎత్తకుండానే, "ఆరెంజ్‌తోని చేస్తరు. బత్తాయితోని ఎవరు చేసిన్రో నాకైతే ఎరుక లేదు," అన్నాను.

"మరి మనం చేద్దాం," అంది.

ఆ 'మనం' అన్న మాటకు తలెత్తి చూశాను. ఇంటి ఓనరు కూతురు. మేము ఆ ఇంట్లో కిరాయికి దిగి మూడేళ్ళయినా మెట్ల దగ్గర ఎదురుపడితే నవ్వడమే తప్ప మా గడప తొక్కింది లేదు. నేను కుర్చీ మీది గిన్నెలు తీసేలోపే కింద బండ మీద కూర్చుని, సంచిలోంచి కాయలు తీసి గోడ వారగా పేర్చడం మొదలుపెట్టింది.

ఇల్లు బాల్‌రాజ్‌ది. సైదాబాద్ ఊరుగా ఉన్న రోజుల్లో వాళ్ళ తాతలకు అక్కడ పొలాలుండేవట. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్ళయ్యాయి. ఇప్పుడు ఆయనకు కిరాయిలు, రిజిస్ట్రేషన్లు, నల్గొండ దిక్కు కొన్న బత్తాయి తోట, ఇవే లోకం. భార్య ఎప్పుడో పోయింది. స్వప్నను పెంచింది నాయనమ్మ సోమమ్మ. డిగ్రీ అయిపోయి, సంబంధాలు చూస్తున్న రోజులు. ఇంట్లో పొద్దుపోక ఫోనులో కేకుల వీడియోలు చూసీ చూసీ, చివరికి రోజూ వాసనలొచ్చే గదిని వెతుక్కుంటూ పైకెక్కింది.

పైన రెండు గదుల్లో మేము ముగ్గురం. నేను ఒక ప్రైవేటు బడిలో టీచరుగా ఉండి, కరోనాలో ఆ ఉద్యోగం పోయాక చిన్న ఓవెన్ కొనుక్కుని కేకులు మొదలుపెట్టాను. తమ్ముడు ఎబినేజర్, మాకు ఎబీ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ల్యాబ్‌లో పని చేసేవాడు. తెల్లారకముందే స్కూటీ మీద ఇంటింటికీ పోయి పరీక్షలకు రక్తం తీసుకొచ్చేవాడు. నాయిన యేసుదాసు ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళు అటెండరుగా చేసి, ఇప్పుడు చర్చి పనులు చూసుకుంటూ ఉండేవాడు. ఆయన పుట్టింది నల్గొండ పక్క పల్లెలో, పటేళ్ళ దగ్గర పాలేర్లుగా జీతాలున్న కుటుంబంలో. పట్నం వచ్చి తలనెరిసినా, భూమి ఉన్న మనిషి ఎదురైతే ఆయన నోట్లోంచి 'పటేలా' అనే వచ్చేది. బాల్‌రాజ్‌నూ అలాగే పిలిచేవాడు. బాల్‌రాజ్‌కు అది ఇష్టం. ఎబీ మాత్రం 'అంకుల్' అనేవాడు. వాడు అలా అన్నప్పుడల్లా నాయిన కళ్ళతోనే గదిమేవాడు.

మొదటి కేకు నోట పెట్టడానికి లేదు. స్వప్న ఉత్సాహం కొద్దీ తొక్కను లోపలి తెల్లపొర దాకా తురిమేసింది. రసం కూడా ఎక్కువైంది. ఓవెన్‌లో గొప్పగా పొంగిన కేకు బయటికి తీయగానే నడుమ గుంటపడి కూర్చుంది. డ్యూటీ దిగి వచ్చిన ఎబీ ఓ ముక్క నోట్లో వేసుకుని, మింగలేక, ఉమ్మలేక, "అక్కా, గిది డాక్టర్లు రాసియ్యొచ్చు," అన్నాడు. స్వప్న కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఆ ఎండాకాలం మొత్తం మీద ఆమె వాడితో మాట్లాడిన మాటలు గుప్పెడు కూడా ఉండవు. 'అన్నా, ఇయ్యాల చేదున్నదా?' అనేది. వాడు 'లేదు' అనేవాడు, లేకపోతే 'ఉంది' అనేవాడు. అన్నం తిని లోపలి గదిలో చాప మీద పడి నిద్రపోయేవాడు. వాడి ఫోన్ నంబరు కూడా ఆమె దగ్గర లేదు. ఇప్పుడు నేను ఈ మాట చెప్తే ఎవరు నమ్ముతారో తెలియదు గానీ, లేదు.

ఆమె చెయ్యి మంచి చెయ్యి. తప్పు ఒకసారి చెప్తే మళ్ళీ చెయ్యదు. తొక్కను పైపైన, రంగు ఉన్నంత మేరకే తురమడం నేర్చుకుంది. ఆ తురుమును చక్కెరలో వేసి వేళ్ళతో నలిపితే చక్కెర తడితడిగా మారి, గదంతా వాసన నిండుతుందని తనే కనిపెట్టింది. రసాన్ని సగానికి మరగకాచి, ఆ వేడి రసంలోనే కోకో పొడి కలిపితే చాక్లెట్ రుచి లేస్తుందని కూడా ఆమెకే తట్టింది. మేము ఫ్యాన్ ఆపేసి, చెమటలు కార్చుకుంటూ, ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని చూసేవాళ్ళం. కరెంటు పోతుందేమోనని నాయిన వెనకాల నిలబడి ప్రార్థన చేసేవాడు. ఈస్టర్ నాటికి కేకు కుదిరింది. పైన చాక్లెట్ పోత, దాని మీద పాకంలో ఉడికించిన తొక్క పోగులు. నోట్లో పెట్టుకుంటే ముందు చాక్లెట్, ఆ వెనకే పుల్లగా బత్తాయి, చిట్టచివర నాలుక అంచున సన్నటి చేదు.

"గా చేదు ఉండాలె అక్కా," అంది స్వప్న. "అది తీసేస్తే ఉత్త తీపే."

కేకులో సగం స్టీలు డబ్బాలో పెట్టుకుని కిందికి తీసుకుపోయేది. ఎక్కడిదంటే బేకరీలో కొన్నానని చెప్పేది. సోమమ్మకు పళ్ళు లేవు, టీలో ముంచుకుని తినేదట. బాల్‌రాజ్ రెండు ముక్కలు తిని, ఏ బేకరీ అని అడిగాడట. పొగిడించుకోవాలన్న ఆశ ఎవరికి ఉండదు? ఒకనాడు స్వప్న ఆగలేక, "నేనే చేసిన నాయినా. పైన జోస్నక్క ఇంట్ల," అని చెప్పేసింది.

మర్నాడు పాల ప్యాకెట్లతో వస్తుంటే గేటు దగ్గర బాల్‌రాజ్ నన్ను ఆపాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళం.

"ఏం జోస్నా, మా పిల్ల నీ కాడ మస్తు నేర్చుకున్నదంట గద."

"ఆమె చెయ్యే మంచిది సార్. చెప్తే పట్టుకుంటది."

"నేను గూడ తిన్న. బేకరీదనుకుని తిన్న." నవ్వుతూనే అన్నాడు. "మీ ఇంట్లదని ఎరుక లేక."

పక్కకు తప్పుకుని మెట్లెక్కబోతుంటే వెనకనుంచి అడిగాడు.

"మీ తమ్ముడు ఎన్నింటికొస్తడు ఇంటికి?"

ఆ మాట నాయినకు చెప్తే, ఆయన నోటి దాకా తెచ్చుకున్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"ఖాళీ చేద్దాం బిడ్డా."

"ఎందుకు ఖాళీ చెయ్యాలె?" ఎబీ లేచి కూర్చున్నాడు. "ఏం తప్పు చేసినమని? గా పిల్ల అక్క కాడికొస్తది. నేను పండుకుంట. ఇంతే గద."

"నువ్వు పండుకున్నవా, లేసి కూసున్నవా అని అడుగుతరా వాళ్ళు?" అన్నాడు నాయిన. "నువ్వు పట్నంల పుట్టినవ్. నీకు తెల్వదు. నాకు తెల్సు."

"ఇది ఊరు కాదు నాయినా."

"మనిషి గా మనిషే గద రా."

రెండు రోజులు వాదులాడుకుని, చివరికి నాయిన మాటే నెగ్గింది. ఎల్‌బీ నగర్‌లో మా చర్చి వాళ్ళ ద్వారా ఒక పోర్షన్ దొరికింది. నెల మొదట్లో మారాలనుకున్నాం. స్వప్నకు చెప్పి, ఇక పైకి రావద్దన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది.

"నాయిన ఏమనలే అక్కా. నేనే అడిగిన, పోవాల్నా వద్దా అని. పొమ్మన్నడు. నువ్వే పరేషాన్ ఐతున్నవ్."

ఆయన పొమ్మన్నాడంటే నాకు భయం తగ్గాల్సింది. ఎందుకో తగ్గలేదు.

"ఒక్క ఆర్డర్, అక్కా. పోయేలోపు ఒక్కటి నా పేరు మీద చేస్త," అంది. ఆమెతో చదువుకున్న తన్మయి కొత్తపేటలో ఉంటుంది. వాళ్ళమ్మ పుట్టినరోజుకు బత్తాయి చాక్లెట్ కేకు కావాలందట. "వేరేవాళ్ళు నేను చేసింది కోరి అడగడం ఇదే ఫస్ట్."

సరే అన్నాను. ఎలా కాదంటాను?

ఆ రోజు ఆమె నన్ను గిన్నె కూడా ముట్టుకోనివ్వలేదు. తోట నుంచి వచ్చిన కత్తెర కాపులో, ఆ ఎండాకాలపు పంటలో, మచ్చలేని కాయలు ఏరి తెచ్చింది. తడి గుడ్డతో ఒక్కోదాన్నీ తుడిచింది. తొక్క పోగులు ఒకే మందాన రావాలని కోసినవి పారేసి మళ్ళీ కోసింది. చాక్లెట్ పోత గట్టిపడటం లేదని, వంగి విసనకర్రతో విసురుతూ కూర్చుంది. సాయంత్రానికి కేకు నున్నగా, నల్లగా, అద్దంలా తయారైంది. డబ్బాలో పెట్టి రిబ్బను కట్టి, దాన్ని నా చేతికి కూడా ఇవ్వకుండా తనే మోసుకుంటూ మెట్లు దిగింది.

ఎబీకి నాగోలు వైపు ఒక ముసలాయనకు రక్తం తీసే పని ఉంది. దారిలో కొత్తపేటలో ఇచ్చేస్తానన్నాడు. నేను పిట్టగోడ మీద నుంచి చూస్తున్నాను. స్కూటీ ముందు కాళ్ళ దగ్గర ఆమె డబ్బా పెట్టి, కదలకుండా ఇటూ అటూ గుడ్డలు కుక్కింది.

"అన్నా, స్పీడ్ బ్రేకర్ల కాడ జర నిమ్మళం."

"గంత భయమైతే నువ్వు ముంగట నడువు, నేను ఎనకెనక వస్త," అన్నాడు ఎబీ.

ఇద్దరూ నవ్వారు. రోడ్డుకు అవతల కిరాణా కొట్టు ముందు కార్తీక్ బండి మీద కూర్చుని ఉన్నాడు. బాల్‌రాజ్ తమ్ముడి కొడుకు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని వీళ్ళనే చూస్తున్నాడు. ఎబీ వెళ్ళిన కాసేపటికి అతని బండి కూడా కదిలింది.

నేను లోపలికొచ్చి గిన్నెలు నానబెడుతుంటే స్వప్న మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక కాలికే చెప్పు ఉంది.

"అక్కా, అన్నకు ఫోన్ చెయ్యి."

"ఏమైందే?"

"చెయ్యి అక్కా! జల్ది చెయ్యి!"

చేశాను. మోగుతోంది. బండి నడిపేటప్పుడు వాడు ఎత్తడు. నేనే నేర్పిన అలవాటు అది.

"నాయిన వరండాల ఫోన్ల మాట్లాడుతున్నడు," అంది స్వప్న. "పానం మీదికి తేకున్రి, చెయ్యి చాలు అన్నడు. ఎవల గురించో అనుకున్న. మళ్ల... స్కూటీ అన్నడు అక్కా."

మళ్ళీ చేశాను. మోగింది. మళ్ళీ చేశాను. కింద నుంచి బాల్‌రాజ్ కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. కేకలేమీ వెయ్యలేదు, మామూలుగానే పిలిచాడు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలేసి, దిగిపోయింది. కింద తలుపు గడియ పడ్డ చప్పుడు పైదాకా వినిపించింది.

కాసేపటికి ఎబీ ఫోన్ నుంచే కాల్ వచ్చింది. ఎత్తితే ఎవరో పిల్లవాడి గొంతు, ఆంధ్ర వైపు మాట.

"అండీ, ఈ ఫోన్ ఆయన మీకేమవుతారండీ? కంగారు పడకండి. చైతన్యపురిలో మా హాస్టల్ వెనక సందులో పడిపోయున్నారండి. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. మాట్లాడుతున్నారు, ప్రాణానికి పర్లేదు. చెయ్యే... మీరు త్వరగా రండి."

మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ ఉంటే ఎబీ ఆ సందులోంచి పోతాడు. ముగ్గురు బండి ఆపారట. ఇద్దరు పట్టుకున్నారు. ఒకడు వాడి కుడిచేతిని స్కూటీ సీటు మీద చాపి పెట్టించి, రాడ్డుతో కొట్టాడు. చెయ్యి లాక్కోబోతే మళ్ళీ పెట్టించి కొట్టాడు. వాడు అరుస్తుంటే, "పటేలా అను," అన్నారట. ఎవరి గొంతో వాడు గుర్తుపట్టలేకపోయాడు. మొహాలకు గుడ్డలున్నాయి.

దవాఖానలో వాడు స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూసి, "కేక్ పాయె అక్కా," అన్నాడు. మత్తు సూది ప్రభావమో, ఏమో. ఆ మాట రెండు మూడుసార్లు అన్నాడు.

మణికట్టు ఎముకలు నుజ్జయ్యాయి. ప్లేట్లు వేశారు. ఎముకలు అతుక్కుంటాయన్నారు గానీ, నరాల సంగతి చెప్పలేమన్నారు. బొటనవేలు, దాని పక్క వేలు మడవడం రాదని కొన్నాళ్ళకు మాకే తెలిసింది. ఆ రెండు వేళ్ళతోనే సూది పట్టుకోవాలి. అది వాడి బతుకు. చెయ్యి చాలు అన్నవాడికి ఆ లెక్క బాగా తెలుసు.

మూడో రోజు బాల్‌రాజ్ వార్డుకు వచ్చాడు. చేతిలో కొబ్బరి బొండాలు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, కట్టు చూసి, నాలుక చప్పరించాడు.

"ఏం జమానా వచ్చిందో చూడు దాసూ. రోడ్ల మీద మనిషికి భద్రం లేదు." తర్వాత గొంతు తగ్గించాడు. "పోలీసులు, కోర్టులు అని తిరిగితే మీకే పరేషాన్. బండి మీద నుంచి పడ్డడని రాయించున్రి. దవాఖాన సంగతి నేను చూసుకుంట. ఇల్లు గూడ మీకు ఇష్టమున్నన్ని రోజులు ఉండున్రి."

నాయిన మంచం పట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పెదాలు కదలడం చూసి, ఎప్పటిలాగే 'సరే పటేలా' అంటాడనుకున్నాను.

"బాల్‌రాజూ," అన్నాడు నాయిన. "నువ్వు ఇంటికి పో."

బాల్‌రాజ్ ఒక నిమిషం కదల్లేదు. ఆ పిలుపు తననే అని అర్థం కావడానికి అంత సేపు పట్టింది కాబోలు. తర్వాత లేచి, కొబ్బరి బొండాలు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. నాయిన నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

కేసు పెట్టాం. గుర్తు తెలియని వ్యక్తులు అని రాసుకున్నారు. సందులో కెమెరా పనిచేయడం లేదు. ఎబీని ఆటో ఎక్కించిన హాస్టల్ పిల్లలు పరీక్ష రాసేసి ఊళ్ళకు పోయారు. ఫోన్ చేస్తే ఒకడు, "మా నాన్నగారు వద్దంటున్నారండీ," అన్నాడు. స్వప్న విన్న మాట గురించి చెప్పాను. ఆ అమ్మాయి వచ్చి చెప్పాలన్నారు. ఆ అమ్మాయిని అడగడానికి పోలీసులు ఇంటికి పోతే, ఊళ్ళో లేదు, చుట్టాలింటికి పోయిందని చెప్పి పంపించారట.

చర్చి వాళ్ళు మా సామాను ఎల్‌బీ నగర్‌కు చేర్చారు. ఓవెన్‌ను గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోశాను. ఆర్డర్లు వస్తే లేదని చెప్పేదాన్ని. ఎబీ గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటూ, మెతుకులు మీద పడితే పళ్ళెం విసిరికొట్టేవాడు. తర్వాత తనే ఒంటి చేత్తో మెతుకులు ఏరేవాడు. నాయిన మాత్రం వాడి పక్కన కూర్చుని బైబిలు చదివేవాడు. వాడు వింటున్నాడో లేదో ఆయన ఎప్పుడూ అడగలేదు.

మే నెల నడి ఎండలో స్వప్న వచ్చింది. సంచి లేదు, ఫోను లేదు. ఇంట్లో వేసుకునే నైటీ మీద చున్నీ కప్పుకుని, చర్చిలో అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. మనిషి సగమైంది.

"పెండ్లి కుదిరిచ్చిన్రు అక్కా," అంది నీళ్ళు తాగి. "ఇన్ని రోజులు గదిలనే పెట్టిన్రు. ఇయ్యాల నాయిన రిజిస్ట్రేషన్ ఆఫీస్‌కు పోయిండు. నాయనమ్మ తలుపు తీసింది."

"అవ్వ తీసిందా? ఏమన్నది?"

"పో అన్నది. మళ్ల రాకు అన్నది."

అది దీవెనో శాపమో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఆ రాత్రికి మా దగ్గరే ఉంది. మర్నాడు స్టేషన్‌కు పోయాం. ఒక ఆడ ఎస్సై శ్రద్ధగా విని, మెజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇప్పించడానికి ఎల్‌బీ నగర్ కోర్టుకు తీసుకుపోయింది. లోపల ఆమె ఒక్కతే. మేము బయట చెట్టు కింద నిలబడ్డాం. తిరిగి వచ్చాక ఏం చెప్పావని అడిగితే, "విన్నది చెప్పిన. నీకు గా పిలగానికి ఏం సంబంధం అని అడిగిన్రు. వాళ్ళ అక్క కాడ కేక్ నేర్చుకున్న అన్న," అంది. "ఇంకేం లేదా అన్నరు. ఇంకేం లేదన్న."

బయటికొచ్చాక లేడీ కానిస్టేబుల్ అడిగింది, "ఎక్కడికి పోతవమ్మా ఇప్పుడు?"

స్వప్న నా వైపు చూసింది. మా తరఫున వచ్చిన వకీలు లింగస్వామి నన్ను పక్కకు పిలిచాడు. మా చర్చి మనిషే, మా మంచి కోరేవాడు.

"ఇగ మీ ఇంట్ల పెట్టుకోవద్దు జోస్నా. పెట్టుకున్నరనుకో, రేపు వాళ్ళు చెప్పిందే నిజమైతది. చూసిన్రా, వానికోసమే వచ్చింది అంటరు. ఏదన్న హాస్టల్ చూడు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. అంతలో నాయిన ముందుకొచ్చాడు.

"హాస్టల్ గేటు కాడ వాళ్ళు కాపు కాస్తరు సార్. చెయ్యి ఇరగ్గొట్టినోళ్ళకు ఆడపిల్ల ఎంత?" స్వప్న వైపు తిరిగి, "నడువు బిడ్డా," అన్నాడు.

బాల్‌రాజ్‌నూ కార్తీక్‌నూ పోలీసులు తీసుకుపోయారు. కొన్నాళ్ళకే బెయిలు మీద వచ్చారు. కేసు ఇప్పటికీ వాయిదాల మీద నడుస్తోంది. లింగస్వామి చెప్పినట్టే జరిగింది. ఏమీ లేకపోతే వాళ్ళింటికే ఎందుకు పోయిందన్నారు సైదాబాద్‌లో. మా చర్చిలో కూడా ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నన్ను దగ్గరికి తీసుకుని, "పెండ్లెప్పుడు చేస్తున్నరు?" అని మెల్లగా అడిగేవారు. ఏమీ లేదని నోరు తెరిచి చెప్పడానికి వచ్చిన పిల్ల, చెప్పినందుకే ఇల్లు పోగొట్టుకుంది. ఇల్లు పోయి మా గడపలోకి రావడంతోనే ఆమె చెప్పింది అబద్ధమైపోయింది.

ఇంట్లో సంగతి ఇంకో రకం. ఆమె వచ్చిన రోజు నుంచి ఎబీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె వంటగదిలో ఉంటే వాడు ముందు గదిలోకి, ఆమె ముందు గదిలోకి వస్తే వాడు మెట్ల మీదికి. ఆమెకు తెలుసు. నీడలా గోడలు పట్టుకుని తిరిగేది. తిన్న తిండికి ఏదన్నా చెయ్యాలన్న ఆరాటం. ఒక ఉదయం నేను లేచేసరికి మంచం కింది ఓవెన్ బయటికి తీసి, తుడిచి, ప్లగ్గు పెట్టి ఉంది. పాత గిరాకీ ఒకావిడ నా ఫోనుకు చేసి అడిగిందని, నాకు చెప్పకుండా ఒప్పుకుందట. గిన్నెలో చక్కెర, బత్తాయి తురుము వేసి నలుపుతోంది. కోకో మరుగుతోంది.

వాసనకు ఎబీకి మెలకువ వచ్చింది. లేచి కూర్చున్నాడు. మొహంలో రంగు పోయింది. నోటికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తి, మెట్ల పక్క మోరీలో కక్కుకున్నాడు. నేను వెళ్ళి వీపు నిమిరితే, భుజం విదిలించుకున్నాడు. లోపల స్వప్న స్టవ్వు ఆపేసింది. గిన్నెలోది అలాగే పట్టుకుని నిలబడింది, పారబొయ్యాలో వద్దో తెలియక.

ఆ వారమే ఎబీ ఊరికి పోతానన్నాడు. నల్గొండ పక్క మా చిన్నాయన ఉన్నాడు, మేకలున్నాయి. మేకలు కాయడానికి రెండు వేళ్ళు లేకపోయినా నడుస్తుందన్నాడు. నాయిన వద్దనలేదు. లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నాడు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి, విజయవాడ రోడ్డు మీద బస్సులాగే చోట వాడితో నిలబడ్డాను. సెలవుల చివర కావడంతో ఒక్కో బస్సూ నిండి వస్తోంది. కుడి మోచేతికి బ్యాగు తగిలించుకుని, రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఎబీ, ఆమెను పంపిస్త," అన్నాను. "ఏదన్న హాస్టల్ చూస్త, ఇంకో ఊర్లనన్న సరే. నువ్వుండు."

"ఎక్కడికి పంపిస్తవ్?"

జారుతున్న బ్యాగు పట్టీని వాడి మోచేతి మీదికి సర్దాను.

"పంపకు," అన్నాడు. "ఆమె తప్పేం లేదు. నాకెరుక లేదనుకున్నవా? ఎరుకే. కానీ ఇంట్ల గిన్నె చప్పుడైతే గా రాడ్డు చప్పుడే ఇనస్తది. నేనేం చెయ్యాలె అక్కా?"

నల్గొండ బస్సొచ్చింది. కండక్టరు తలుపులో వేలాడుతూ కేకేస్తున్నాడు. కాలు పెట్టే సందు లేదు. ఎబీ ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. వెనకనుంచి జనం తోస్తే లోపలికి పోయాడు. పైన కడ్డీకి వేలాడుతున్న చేతుల్లో వాడి ఎడమ చెయ్యి కాసేపు కనిపించింది. బస్సు కదిలి, జనం సర్దుకున్నాక అదీ కనిపించలేదు.

ఇంటికొచ్చేసరికి స్వప్న గుమ్మంలోనే ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. నేను చెప్పులు విడిచేదాకా ఆగి, అడగాలా వద్దా అన్నట్టు అడిగింది.

"అన్నకు సీటు దొరికిందా అక్కా?"

"దొరికింది," అన్నాను.